స్థాన ఆధారిత ఆఫర్ల మొబైల్ అనువర్తనము

స్థాన ఆధారిత ఆఫర్ల మొబైల్ అనువర్తనము అనగా సెల్ ఫోను వాడే వ్యక్తి ఎక్కడ ఉన్నాడో గ్రహించి, ఆ చోటికి దగ్గరలో గల దుకాణములు, హోటళ్ళు, సినిమా హాళ్ళు మొదలైనవి ఇస్తున్న రాయితీలను అతనికి చూపే సాఫ్ట్‌వేరు. ఫోను ఉన్న స్థానము, దుకాణము ఉన్న స్థానము, ఆ రెంటి మధ్య దూరము, ఆఫరు చెల్లే సమయము అనే నాలుగు విషయములపై ఇది పనిచేస్తుంది. పైకి ఇది చిన్న లెక్కగా కనిపించినప్పటికీ, దీని రూపకల్పనలో ఉపగ్రహ సంకేతములు, ఫోను బ్యాటరీ, చిన్న వర్తకుని లాభనష్టములు, వ్యక్తి గోప్యత అన్నీ ఇమిడి ఉన్నాయి. ఇటువంటి అనువర్తనము ఎలా పనిచేస్తుందో, దానిని రూపొందించేవారు ఏయే విషయములలో జాగ్రత్త వహించాలో ఈ వ్యాసములో వివరించబడినది.

చరిత్ర

వస్తువును అమ్ముకొనుటకు రాయితీ చీటీలు పంచే పద్ధతి పాతదే. 1880వ దశకము చివర అమెరికాలో కోకా-కోలా పానీయము కొరకు, ఒక గ్లాసు ఉచితముగా ఇచ్చే కూపన్లు పంచారు. బజారు మలుపులో నిలబడి కరపత్రములు పంచుట కూడా ఒక విధముగా స్థాన ఆధారిత ప్రచారమే. అయితే కరపత్రము ఇచ్చిన మనిషి, దానిని పుచ్చుకున్నవాడు ఆ తరువాత ఎటు వెళ్ళాడో వ్రాసి పెట్టుకోడు. సెల్ ఫోనుకు ఆ శక్తి ఉన్నది. పాత పద్ధతికి, కొత్త పద్ధతికి గల ముఖ్యమైన భేదము ఇదే.

ఫోను స్థానమును కనుగొనే ప్రయత్నములు వ్యాపారము కొరకు మొదలు కాలేదు. అత్యవసర సహాయము కొరకు 911 నంబరుకు ఫోను చేసినవారి స్థానము తెలియజేయాలని 1996లో అమెరికా ప్రభుత్వ ప్రసార నియంత్రణ సంస్థ ఫోను కంపెనీలను ఆదేశించింది. పౌరులు వాడే జి.పి.ఎస్. సంకేతములో కావాలని కలుపుతూ వచ్చిన దోషమును అమెరికా ప్రభుత్వము 2000 మే నెలలో తొలగించింది. దానితో అంతవరకు సుమారు 100 మీటర్ల వరకు ఉండిన తప్పు, 20 మీటర్ల లోపునకు తగ్గింది.

ఆ తరువాతి ముఖ్య ఘట్టములు ఇవి:

* 2000: అమెరికాలో డాడ్జ్‌బాల్ అనే సేవ మొదలయినది. వాడుకరి తాను ఉన్న చోటును తానే ఎస్.ఎమ్.ఎస్. ద్వారా తెలిపేవాడు. దీనిని 2005లో గూగుల్ కొనుగోలు చేసి 2009లో మూసివేసింది.
* 2008: జి.పి.ఎస్. గల ఐఫోన్ 3జి, యాపిల్ సంస్థ యాప్ స్టోర్ జూలై నెలలో వచ్చాయి. అదే సంవత్సరము అక్టోబరులో ఆండ్రాయిడ్ మార్కెట్ మొదలయినది.
* 2009: డెన్నిస్ క్రౌలీ, నవీన్ సెల్వదురై కలసి ఫోర్‌స్క్వేర్‌ను ప్రారంభించారు. ఒక దుకాణమునకు వెళ్ళినట్లు ఫోనులో నమోదు చేసుకున్నవారికి ఆ దుకాణము రాయితీ ఇచ్చే పద్ధతి దీని వలన ప్రచారములోకి వచ్చింది. దీని సిటీ గైడ్ అనువర్తనము 2024 డిసెంబరులో మూతపడింది.
* 2010: షాప్‌కిక్ అనే అనువర్తనము వచ్చింది. దుకాణములో అమర్చిన పరికరము చెవికి వినపడని ధ్వనిని వెలువరించగా, ఫోను మైకు దానిని గుర్తించి వాడుకరికి పాయింట్లు ఇచ్చేది.
* 2013: బ్లూటూత్ సంకేతములపై ఆధారపడిన ఐబీకన్ పద్ధతిని యాపిల్ ప్రకటించింది.
* 2015: భారతదేశములోని గ్రూపాన్ విభాగము నియర్‌బై అను కొత్త పేరుతో సేవలు మొదలుపెట్టింది.

స్థానమును గుర్తించే పద్ధతులు

ఉపగ్రహముల ద్వారా

జి.పి.ఎస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తాము ఉన్న చోటును, సంకేతము బయలుదేరిన సమయమును ప్రసారము చేస్తూ ఉంటాయి. ఆ సంకేతము భూమిని చేరుటకు సెకనులో 15వ వంతు పడుతుంది. ఎంత సమయము పట్టిందో తెలిస్తే ఎంత దూరమో తెలుస్తుంది. కాంతి ఒక మైక్రో సెకనులో 300 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, గడియారములో మైక్రో సెకను తేడా వచ్చినా స్థానములో 300 మీటర్ల తేడా వస్తుంది. ఉపగ్రహములలో పరమాణు గడియారములు ఉంటాయి గాని ఫోనులో ఉండవు. అందువలన అక్షాంశము, రేఖాంశము, ఎత్తు అనే మూడింటితో పాటు ఫోను గడియారపు దోషమును కూడా నాలుగవ తెలియని రాశిగా తీసుకుంటారు. నాలుగు తెలియని రాశులకు నాలుగు సమీకరణములు కావలెను. కనీసము నాలుగు ఉపగ్రహములు కనిపించాలని చెప్పుటకు కారణము ఇదే.

ఆరుబయట ఫోను తప్పు సాధారణముగా 5 మీటర్ల వరకు ఉంటుంది. ఎత్తైన భవనముల మధ్య సంకేతము గోడలను తాకి తిరిగి వచ్చుట వలన ఇది పెరుగుతుంది. పెద్ద వాణిజ్య సముదాయముల లోపలికి సంకేతము సరిగా చేరదు.

రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బెయ్‌డౌ కూడా ఇటువంటి వ్యవస్థలే. భారతదేశపు నావిక్ వ్యవస్థలోని మొదటి ఉపగ్రహము 2013 జూలై 1న శ్రీహరికోట నుండి ప్రయోగించబడినది. 2023 మే 29న అక్కడి నుండే ప్రయోగించిన ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహములో, సెల్ ఫోనుల వంటి చిన్న పరికరములకు అనువైన ఎల్1 సంకేతమును చేర్చారు. స్వదేశీ రుబీడియం పరమాణు గడియారము కూడా అందులో ఉన్నది.

ఇతర పద్ధతులు

* సెల్ టవరు: ఫోను ఏ టవరు పరిధిలో ఉన్నదో తెలుసుకొని స్థానమును అంచనా వేస్తారు. పట్టణములలో కొన్ని వందల మీటర్లు, పల్లెలలో కొన్ని కిలోమీటర్లు తేడా రావచ్చు. "మీ ఊరిలో ఆఫర్లు" అని చూపుటకు ఇది చాలును, "మీ ఎదురుగా ఉన్న దుకాణములో" అని చూపుటకు చాలదు.
* వై-ఫై: చుట్టుప్రక్కల ఉన్న రౌటర్ల గుర్తింపు సంఖ్యలను, ముందుగా తయారు చేసి ఉంచిన పటముతో పోల్చుతారు. భవనముల లోపల ఇది జి.పి.ఎస్. కంటే మెరుగు.
* బ్లూటూత్ బీకన్: అగ్గిపెట్టె పాటి చిన్న పరికరము ఒక గుర్తింపు సంఖ్యను మాత్రమే ఎడతెగక ప్రసారము చేస్తుంది. దానికి వాడుకరి గురించి ఏమీ తెలియదు. ఆ సంఖ్య ఏ దుకాణమునకు, ఏ అరకు చెందినదో అనువర్తనము చూసుకుంటుంది.

భౌగోళిక కంచె

పటము మీద ఒక బిందువు చుట్టూ గీసిన ఊహాత్మక వలయమును జియోఫెన్సు, అనగా భౌగోళిక కంచె అంటారు. ఫోను కంచె లోపలికి వచ్చుట, బయటికి పోవుట, లోపల కొంతసేపు నిలిచి ఉండుట అనే మూడు సంఘటనలను అనువర్తనము గుర్తించగలదు.

ఫోను కంచె లోపల ఉన్నదో లేదో తేల్చే లెక్కకు ఒక ఉదాహరణ: అక్షాంశములో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశములో ఒక డిగ్రీ దూరము భూమధ్యరేఖ నుండి దూరము పోయిన కొలదీ తగ్గుతుంది. విజయవాడ అక్షాంశము సుమారు 16.5 డిగ్రీలు కనుక అక్కడ అది సుమారు 106.7 కిలోమీటర్లు. ఒక దుకాణమునకు, ఫోనుకు మధ్య అక్షాంశములో 0.003 డిగ్రీలు, రేఖాంశములో 0.004 డిగ్రీలు తేడా ఉన్నదనుకొందము. అనగా ఉత్తర దక్షిణములుగా 333 మీటర్లు, తూర్పు పడమరలుగా 427 మీటర్లు. పైథాగరస్ సిద్ధాంతము ప్రకారము దూరము సుమారు 541 మీటర్లు. కంచె వ్యాసార్థము 500 మీటర్లయితే ఆ వ్యక్తి ఇంకా బయటే ఉన్నట్లు. ఎక్కువ దూరములకు భూమి గుండ్రముగా ఉండుటను లెక్కలోకి తీసుకునే హావర్‌సైన్ సూత్రమును వాడుతారు.

కంచె మరీ చిన్నది కాకూడదు. కనీసము 100 నుండి 150 మీటర్ల వ్యాసార్థము ఉంచవలెనని ఆండ్రాయిడ్ సూచనలలో ఉన్నది. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోయే బస్సు, 100 మీటర్ల వ్యాసార్థము గల కంచెను 24 సెకనులలో దాటిపోతుంది. అనువర్తనము తెరచి లేనప్పుడు ఫోను ఈ సంగతి గ్రహించుటకు రెండు నిమిషములు పట్టవచ్చు. అప్పటికి బస్సు ఒక కిలోమీటరు ముందుకు పోయి ఉంటుంది. ఆ ఆఫరు బస్సులోని వ్యక్తికి ఉపయోగపడదు సరికదా, విసుగు తెప్పిస్తుంది. అందువలన "లోపలికి వచ్చాడు" అనే సంఘటన కంటే, "లోపల కొన్ని నిమిషములు నిలిచాడు" అనే సంఘటనపై ఆధారపడుట మేలు.

ఒక అనువర్తనము ఒకేసారి పెట్టుకొనగల కంచెల సంఖ్యకు కూడా పరిమితి ఉన్నది. ఐఫోనులో 20, ఆండ్రాయిడ్‌లో 100. నగరములో వేల దుకాణములు ఉన్నప్పుడు, వాడుకరి కదిలిన కొలదీ దగ్గరి వాటికి మాత్రమే కంచెలు వేసి, దూరమైన వాటిని తీసివేయవలసి ఉంటుంది.

అనువర్తనపు నిర్మాణము

సాధారణముగా ఇందులో మూడు భాగములు ఉంటాయి. మొదటిది వాడుకరి ఫోనులోని భాగము. రెండవది వర్తకుడు తన ఆఫర్లను నమోదు చేసే భాగము. మూడవది ఈ రెంటినీ కలిపే సర్వరు, డేటాబేసు.

ప్రతి ఆఫరు కొరకు డేటాబేసులో దుకాణపు పేరు, అక్షాంశ రేఖాంశములు, రాయితీ వివరము, మొదలు, ముగింపు సమయములు, మొత్తము ఎందరికి ఇవ్వవచ్చు, ఒక్కొక్కరికి ఎన్నిసార్లు ఇవ్వవచ్చు, షరతులు అనే అంశములు ఉండవలెను. దుకాణము తెరచి ఉండే వేళలు కూడా తప్పనిసరి. వారాంతపు సెలవు నాడు తాళము వేసిన తలుపు ముందుకు కొనుగోలుదారుని తీసుకొని వెళ్ళే అనువర్తనమును ఎవరూ రెండవసారి నమ్మరు.

వేల ఆఫర్లలో దగ్గరివి వెదకుటకు ప్రతి ఒక్కదానితో దూరము లెక్కించుట ఆలస్యము. అందువలన పటమును గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి ఒక పేరు పెడతారు. 2008లో గుస్తావో నీమేయర్ రూపొందించిన జియోహాష్ ఇటువంటి పద్ధతి. ఇందులో 5 అక్షరముల పేరు సుమారు 4.9 కిలోమీటర్ల చదరమును, 6 అక్షరముల పేరు సుమారు 1.2 కిలోమీటర్ల పొడవు, 0.6 కిలోమీటరు వెడల్పు గల గడిని సూచిస్తుంది. వాడుకరి గడి అంచున నిలబడి ఉంటే, రోడ్డుకు అవతలి దుకాణము వేరొక గడిలో ఉండవచ్చు. కనుక చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ళను కూడా వెదకి, ఆ తరువాత మాత్రమే అసలు దూరము లెక్కించాలి.

రాయితీని వాడుకొనుట

వాడుకరి దుకాణములో తన ఫోనులోని కోడ్‌ను చూపగా, వర్తకుడు దానిని తన ఫోనుతో స్కాన్ చేస్తాడు. దీనికి సాధారణముగా 1994లో జపానులోని డెన్సో వేవ్ సంస్థ తయారు చేసిన క్యూఆర్ కోడ్‌ను వాడుతారు. ఒకే కోడ్ అందరికీ ఇస్తే దాని బొమ్మను ఒకరి నుండి ఒకరు పంపించుకుంటారు. కాబట్టి ఒక్కొక్కరికి వేరు వేరుగా, ఒక్కసారి మాత్రమే చెల్లే కోడ్ ఇవ్వాలి. ఫోనులో తప్పుడు స్థానమును చూపే సాధనములు కూడా ఉన్నాయి. కనుక స్థానమును ఆఫరు చూపుటకు మాత్రమే వాడి, రాయితీని ఖాయము చేయుట వర్తకుని కౌంటరు వద్దనే జరపాలి. నెట్‌వర్కు అందనప్పుడు ఏమి చేయాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి.

నోటిఫికేషన్లు

దగ్గరలో ఆఫరు ఉన్నదని తెలుపుట ఎంత ఉపయోగమో, అతిగా తెలుపుట అంత హాని. గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ ఫోనులలో చుట్టుప్రక్కల బీకన్ల నుండి వచ్చే సందేశములను చూపే సౌకర్యమును కల్పించింది. స్థానికముగా పనికిరాని, విసుగు పుట్టించే సందేశములు పెరిగిపోవుటతో 2018 డిసెంబరులో దానిని పూర్తిగా నిలిపివేసింది. ఆండ్రాయిడ్ 13 నుండి (2022) నోటిఫికేషన్లు పంపుటకు కూడా అనువర్తనము వాడుకరి అనుమతి కోరవలసి వచ్చింది. రోజుకు ఇన్ని మాత్రమే, రాత్రి వేళ వద్దు, ఒకే దుకాణము నుండి వారములో ఒక్కసారే అనే పరిమితులు మొదటి నుండీ పెట్టుకున్న అనువర్తనమును ప్రజలు ఉంచుకుంటారు. లేనిచో తొలగిస్తారు.

ఒక ఉదాహరణ

2018 డిసెంబరులో అమెరికాలో బర్గర్ కింగ్ సంస్థ ఒక ప్రచారము చేసింది. తన ప్రత్యర్థి అయిన మెక్‌డొనాల్డ్స్ హోటళ్ళు సుమారు 14,000 చోట్ల కంచెలు వేసి, వాటికి 600 అడుగుల, అనగా సుమారు 183 మీటర్ల లోపునకు వెళ్ళి తన అనువర్తనములో ఆర్డరు చేసినవారికి వాపర్ అనే బర్గరును ఒక్క సెంటుకే ఇచ్చింది. ఆర్డరు చేసిన తరువాత దగ్గరలోని బర్గర్ కింగ్ హోటలుకు దారి చూపేది. పది లక్షల మందికి పైగా ఆ అనువర్తనమును దించుకున్నారు. ఈ ప్రచారమునకు 2019లో కేన్స్ ప్రకటనల ఉత్సవములో అత్యున్నత పురస్కారములలో ఒకటి లభించింది. ఇక్కడ గమనించవలసిన విషయమేమనగా, వాడుకరి తనకు కావలసి తానే అనువర్తనమును తెరచి ఆఫరు కోరాడు. రోజంతా అతని వెంట పడవలసిన అవసరము లేకపోయినది.

వర్తకుని లెక్క

అంత పెద్ద సంస్థ ఒక సెంటుకు బర్గరు ఇచ్చి నిలవగలదు. వీధిలోని చిన్న వర్తకుని పరిస్థితి అది కాదు. అతనికి 140 రూపాయలు పడే వస్తువును 200కు అమ్ముతున్నాడనుకొందము. లాభము 60 రూపాయలు. 20 శాతము రాయితీ ఇస్తే ధర 160, లాభము 20. అనగా మునుపటి లాభమే రావాలంటే మూడు రెట్లు అమ్మాలి. అనువర్తనము వారు ఒక్కొక్క అమ్మకమునకు 10 రూపాయలు రుసుము తీసుకుంటే మిగిలేది 10. అప్పుడు ఆరు రెట్లు అమ్మాలి. పైగా ఎటూ రాబోయే పాత ఖాతాదారునికే రాయితీ అందితే అది పూర్తిగా నష్టమే.

కావున అనువర్తనములో వర్తకుని భాగము తయారు చేసేవారు ఈ లెక్కను దాచరాదు. ఎందరు ఆఫరు చూశారో చెప్పుట చాలదు. ఎందరు వచ్చారు, వారిలో కొత్తవారు ఎందరు, రాయితీ పోగా మిగిలినది ఎంత అనేది తెలపాలి. మధ్యాహ్నము ఖాళీగా ఉండే వేళకు, నిలువ ఉండిపోయే సరుకుకు మాత్రమే ఆఫరు పెట్టుకొనే వీలు, సంఖ్యకు పరిమితి విధించే వీలు, ఒక్క మీట నొక్కి ఆఫరును ఆపే వీలు అతనికి ఉండాలి.

గోప్యత

స్థాన సమాచారము మామూలు సమాచారము కాదు. ఫోను రాత్రి ఉండే చోటు ఇల్లు, పగలు ఉండే చోటు కార్యాలయము. ఏ ఆసుపత్రికి, ఏ ప్రార్థనా స్థలమునకు, ఎవరి ఇంటికి వెళ్ళాడో అన్నీ అందులో ఉంటాయి. పేరు తీసివేసినంత మాత్రాన రక్షణ లేదు. పదిహేను లక్షల మంది ఫోను రికార్డులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఒక వ్యక్తి ఏ సమయమున ఎక్కడ ఉన్నాడో తెలిపే నాలుగు బిందువులు చాలు, 95 శాతము మందిని మిగిలిన వారి నుండి వేరు చేయవచ్చునని తేలింది.

కెనడాలోని టిమ్ హార్టన్స్ అనే కాఫీ హోటళ్ళ సంస్థ అనువర్తనము, తెరచి లేనప్పుడు కూడా కొద్ది నిమిషములకు ఒకసారి వాడుకరుల స్థానమును నమోదు చేసినదని, అది చట్ట విరుద్ధమని 2022 జూన్‌లో ఆ దేశపు గోప్యతా కమిషనర్లు తేల్చారు. 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఇన్‌మార్కెట్ అనే సంస్థపై చర్య తీసుకున్నది. దుకాణములకు వెళ్ళినందుకు పాయింట్లు ఇచ్చే అనువర్తనము, కొనవలసిన సరుకుల జాబితా వ్రాసుకొనే అనువర్తనము ఆ సంస్థవి. వాటి ద్వారా సేకరించిన స్థాన సమాచారమును ప్రకటనల కొరకు వాడుతున్నట్లు సరిగా తెలుపలేదనేది ఆరోపణ. ఆ సమాచారమును అయిదేళ్ళ పాటు నిలువ ఉంచేవారు.

ఇటువంటి దోషములు రాకుండా రూపకల్పనలోనే జాగ్రత్త పడవచ్చును. ఫోను తన ఖచ్చితమైన స్థానమును సర్వరుకు పంపనక్కరలేదు. తాను ఉన్న 5 అక్షరముల జియోహాష్ గడి పేరును మాత్రమే పంపితే, సర్వరు ఆ గడిలోని ఆఫర్లన్నీ పంపుతుంది. అందులో 500 ఆఫర్లు ఉండి, ఒక్కొక్కటి ఒక కిలోబైటు అయినా మొత్తము 500 కిలోబైట్లే. ఇది ఫోనులో తీసే ఒక ఫోటో కంటే తక్కువ. ఆ తరువాత ఏది ఎంత దూరములో ఉన్నదో ఫోను తనలో తానే లెక్కించుకుంటుంది. వాడుకరికి దక్కే ఆఫరులో లోటేమీ ఉండదు. సర్వరుకు మాత్రము అతను ఏ ప్రాంతములో ఉన్నాడన్నంత వరకే తెలుస్తుంది, ఏ గుమ్మము ఎక్కాడో తెలియదు. దాచుకోని సమాచారమును ఎవరూ దొంగిలించలేరు, అమ్ముకొనలేరు.

ఫోను వ్యవస్థలు కూడా క్రమముగా ఈ దిశలోనే మారాయి. అనువర్తనము తెరచి లేనప్పుడు స్థానము తెలుసుకొనుటకు 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 వేరుగా అనుమతి కోరింది. ఖచ్చితమైన స్థానమునకు బదులు సుమారు స్థానము మాత్రమే ఇచ్చే వీలును ఐఫోనులో 2020లో, ఆండ్రాయిడ్‌లో 2021లో కల్పించారు. సుమారు స్థానము మాత్రమే ఇచ్చిన వాడుకరికి కూడా అనువర్తనము పనిచేయాలి. ఏ అనుమతీ ఇవ్వనివారికి ఊరి పేరో, పిన్ కోడో వ్రాసి వెదికే వీలు ఉండాలి.

భారతదేశములోని చట్టములు

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదము పొందింది. దాని నిబంధనలు 2025 నవంబరులో ప్రకటించబడినవి. ఇవి దశలవారీగా అమలులోకి వస్తాయి. ఈ చట్టము ప్రకారము:

* సమాచారము ఏ పని కొరకు తీసుకుంటున్నారో స్పష్టముగా తెలిపి, ఆ పనికి అవసరమైనంత వరకే తీసుకోవాలి.
* సమ్మతి ఇచ్చుట ఎంత సులభమో, దానిని ఉపసంహరించుకొనుట కూడా అంత సులభముగా ఉండాలి.
* ఈ వివరములను ఆంగ్లములో గాని, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో గాని చదువుకొనే వీలు వాడుకరికి ఉండాలి. ఈ 22 భాషలలో తెలుగు ఒకటి.
* 18 సంవత్సరములు నిండనివారిని పిల్లలుగా పరిగణిస్తారు. వారి కదలికలను, ప్రవర్తనను గమనించుట, వారిని ఉద్దేశించి ప్రకటనలు పంపుట నిషేధము. కొన్ని మినహాయింపులు ఉన్నాయి.

వినియోగదారులను తప్పుదారి పట్టించే పద్ధతులపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకములు విడుదల చేసింది. అందులో పేర్కొన్న 13 పద్ధతులలో తప్పుడు తొందర కలిగించుట ఒకటి. ఆఫరు రేపు కూడా ఉండగా "ఇంకా 10 నిమిషములే" అని చూపుట ఈ కోవలోకి వస్తుంది.

పరీక్షించుట

అనువర్తనమును విడుదల చేయక ముందు గదిలో కూర్చొని కాక, బజారులో తిరుగుతూ పరీక్షించాలి. నడుస్తూ, బస్సులో పోతూ, వాణిజ్య సముదాయము లోపల, నెట్‌వర్కు బలహీనముగా ఉన్న చోట, పాత ఫోనులోను చూడాలి. ఒక రోజు మొత్తము వాడి బ్యాటరీ ఎంత తగ్గినదో కొలవాలి. కదలిక లేనప్పుడు జి.పి.ఎస్.ను ఆపి, టవరు, వై-ఫైల మీద ఆధారపడితే బ్యాటరీ ఆదా అవుతుంది. తెలుగులో వ్రాసిన ఆఫర్లు చిన్న తెరపై అక్షరములు విరగకుండా, వరుస మీద వరుస పడకుండా కనిపిస్తున్నాయో లేదో చూడాలి. అన్నింటికంటే ముఖ్యముగా, అనుమతి కోరే తెరను సాంకేతిక పరిజ్ఞానము లేని ఒక వ్యక్తికి చూపి, "ఇది నీ నుండి ఏమి తీసుకుంటున్నది, ఎందుకు?" అని అడగాలి. అతను సరిగా చెప్పలేకపోతే, మార్చవలసినది అతనిని కాదు, ఆ తెర మీద వ్రాసిన వాక్యములను.

ఇవి కూడా చూడండి

* జి.పి.ఎస్.
* నావిక్
* బ్లూటూత్
* క్యూఆర్ కోడ్
* గోప్యత హక్కు